వివరాలు పద్నాలుగో నోట్లో

బుధవారం ఉదయం కామర్స్ ఆచార్యులు కొల్లూరి భానుమూర్తి గారి గది తలుపు మీద, ఆయన పేరు చివర, కుడివైపు కాస్త పైన, చిన్న పద్నాలుగు అంకె మొలుస్తుంది. అటెండరు దాలినాయుడు తడిగుడ్డ పెట్టి రుద్దుతాడు. తలుపు రంగు ఊడుతుంది గానీ అంకె ఊడదు.

"ఏటి బాబూ ఇది, ఎంత తుడిసినా పోతం నేదు," అంటాడు. పోనీలే అంటారు భానుమూర్తి గారు.

అది మొదలు కాలేజీలో అందరూ ఆయన్ను భానుమూర్తి పద్నాలుగు గారు అనే పిలుస్తారు. వెక్కిరింతేం కాదు, పేరుతో పాటు అదీ నోటికొచ్చేస్తోంది. ఆయన పట్టించుకోరు. మనసంతా కింది అంతస్తులో ఉంది. అక్కడ పన్నెండు గంటలకు పైడిరత్నానికి లెక్చరరు ఉద్యోగం ఇంటర్వ్యూ.

పైడిరత్నం ఆయన దగ్గర నాలుగేళ్లు పరిశోధన చేసింది. రెండువేల నలభై కంపెనీల వార్షిక నివేదికలు ఒక్కర్తే కూర్చుని చదివింది. నష్టం వచ్చిన ఏడాది కంపెనీవాళ్ల వాక్యాలు పొడుగవుతాయనీ, లాభం వచ్చిన ఏడాది పొట్టిగా ఉంటాయనీ కనిపెట్టింది ఆవిడే. ఆ వ్యాసం పేరు చెప్పుకుని ఊరూరా శాలువాలు కప్పించుకున్నది మాత్రం భానుమూర్తి గారు. అందులో ఆవిడ పేరు లేదు. ఆ వ్యాసం తనదని తేలకపోతే ఉద్యోగం ఆవిడకు రాదు.

పదకొండింటికి క్లాసు. కంపెనీలు బయటివాళ్లకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది పాఠం. లెక్క పక్కన చిన్న అంకె కనిపిస్తే దాని వివరం వెనకాల నోట్లో ఉంటుందనీ, చెప్పడానికి ప్రాణం ఒప్పనివన్నీ అక్కడే పెడతారనీ ఆయన ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నారు. ఐదు శాతం లోపు విషయమైతే అసలు చెప్పకుండా వదిలేయడం వాడుక అని కూడా అంటారు.

తన పరిశోధన సంగతికి వస్తారు. మొదలుపెట్టిన వాక్యం ముగియదు. 'ఈ అధ్యయనానికి సంబంధించి వివిధ దశలలో వివిధ రూపాలలో అందిన సహకారాన్ని దృష్టిలో ఉంచుకుని' అంటూ వెళ్తూనే ఉంటుంది. బెంచీల మధ్య నుంచి సాగి, గుమ్మం దాటి, మెట్లు దిగుతుంది. వెనక కూర్చున్న పిల్లలు కాళ్లకు చుట్టుకోకుండా దాన్ని, తడిచీర ఆరేసేటప్పుడు పట్టుకున్నట్టు, తలో చోటా పట్టుకుని వరండాలోకి అందిస్తారు.

ముందు బెంచీలో హేమసుందరి అనే అమ్మాయి చెయ్యెత్తుతుంది. మీ పేరు మీద పద్నాలుగు ఉంది కదా, దాని వివరం ఎక్కడుందని అడుగుతుంది. తనకు తెలియదంటారాయన.

"మీరే చెప్పారు కదా సార్, నోట్లో ఉంటుందని."

నిజమే. ఆయన నోరు తెరుస్తారు. గుమ్మం దగ్గరున్న దాలినాయుడు వచ్చి టార్చి పడతాడు. హేమసుందరి వంగి చూస్తుంది. పైవరస పళ్ల వెనక, అంగిట్లో, మరీ చిన్న అక్షరాలున్నాయి. ఆ అమ్మాయి కూడబలుక్కుని చదువుతుంది. ఇందులోని ఆలోచన పైడిరత్నానిది, శ్రమ కూడా ఆవిడదే, అయితే ఆవిడ వాటా ఐదు శాతం లోపేనని యాజమాన్యం అంచనా వేసింది.

యాజమాన్యం అంటే ఎవరని ఎవరో అడుగుతారు. నేనే అని చెప్పాలనే ఉంది గానీ, నోరు తెరిచి ఉండగా మాట ఎలా వస్తుంది? సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కుతాయి.

"కింద సంతకం లేదు సార్," అంటుంది హేమసుందరి. "ఈ నోటు చెల్లదు."

పన్నెండు కావస్తోంది. ఆయన తన వాక్యాన్నే పట్టుకుని మెట్లు దిగుతారు. ఇంటర్వ్యూ గదిలో అది బల్ల కాళ్లకు మూడు చుట్లు చుట్టుకుని ఉంది. బల్లకు అవతల ముగ్గురు పెద్దలు, ఇవతల పైడిరత్నం. ఈ వ్యాసం నీదేనంటున్నావు, రుజువేదమ్మా అని వాళ్లు అడుగుతున్నారు. ఆవిడ నేల చూపులు చూస్తోంది. నాలుగేళ్ల చదువుకి ఆవిడకు సోడాబుడ్డి కళ్లజోడు వచ్చింది.

తప్పించుకోవడానికి ఇంకా వీలుంది. వాక్యాన్ని సాగదీసుకుంటూ రెండో గుమ్మంలోంచి వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. ఆయనకు భయంగానే ఉంది. వాక్యాన్ని చేత్తో తెంపేస్తారు.

"ఆ పని పైడిరత్నం చేసింది. పేరు నేను వదిలేశాను."

రెండూ పొట్టివే. బల్ల దగ్గరే ఆగిపోతాయి.

మధ్యలో కూర్చున్న పెద్దావిడ కలం మూత తీస్తుంది. మరి మీ వాటా ఎంతని అడుగుతుంది. భానుమూర్తి గారు ఈసారి నిజాయితీగా లెక్కవేస్తారు. నాలుగు శాతం అంటారు.

"అయితే రాయక్కర్లేదు," అంటుందావిడ. ఆయన పేరు వదిలేసి, సోమవారం వచ్చి చేరమని పైడిరత్నానికి చెబుతుంది.

పైడిరత్నం కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతుంది. "నేను చదివింది చాలు సార్. ఇక మీరు చదవండి."

ఆవిడ కంటి కొసల్లోంచి నల్లటి అక్షరాలు బారులు కట్టి దిగుతాయి. బల్ల దాటి, ఆయన చొక్కా చేతుల మీదుగా పాకి, కామాలతో సహా ఆయన కళ్లలో దూరతాయి. నొప్పేం లేదు. ఖాళీ అయిన కళ్లతో పైడిరత్నం కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రాన్ని తేరిపార చూస్తుంది. భానుమూర్తి గారు కదలకుండా నిలబడతారు. ఆయన ఎడమ కంటిలో మొదటి కంపెనీ ఛైర్మన్ లేచి, కోటు సర్దుకుని, గొంతు సవరించుకుని, 'ప్రియమైన వాటాదారులారా' అని మొదలుపెడతాడు.