గంజి తాగిన కుక్క

1941 వేసవిలో గద్వాల కోటకు బయట వేసిన డేరా సినిమాలో, ఆ శనివారం మొదటి ఆటకు హాజరైనవారి వరుస ఇది. ముందున్న కుర్చీలలో మొదటిది, విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించి, నెలనెలా వజీఫా పుచ్చుకుంటున్న రాఘవేంద్రరావు పంతులుగారిది. రెండవది వకీలుగారిది. మూడవదానికి కాలు విరిగినందున అందులో ఎవరూ కూర్చోరు. వెనుక బెంచీలపై బట్టల వర్తకులు. వారి వెనుక నేలమీద నేతవారు, గట్టు గ్రామం నుంచి సంతకు వచ్చి ఆట కోసం ఆగిపోయిన రైతులు. అడ్డంగా కట్టిన దుప్పటికి అవతల ఆడవారు. అందరికీ ఎదురుగా, తెర పక్కన, ముక్కాలి పీటపై బాలస్వామి.

డేరాకు ఉన్నది ఒకే యంత్రం. ఒక రీలు అయిపోయాక మరొకటి ఎక్కించేవరకు దీపం వెలిగించి జనాన్ని కూర్చోబెట్టాలి. ఆ పనికే డేరా యజమాని నర్సింహులు శేటు బాలస్వామిని పెట్టుకున్నాడు. బాలస్వామి ఆ విరామంలో లోకంలోని వింతలు చెప్పేవాడు. "ఏది అడిగినా చెప్తడు, చెప్పకుంటే పీట దిగుతడు" అని శేటు ఊరంతా డప్పు కొట్టించాడు. మూడు నెలలుగా బాలస్వామి పీట దిగలేదు.

అతడు దిగే దినాన్ని కళ్ళారా చూడాలనే పంతులుగారు ప్రతి శనివారం వచ్చేవారు. బాలస్వామి విద్య ఎక్కడిదో వారికి తెలుసు: కిరాణా పొట్లాలు కట్టిన పత్రికల ముక్కలు, రైల్వే ప్లాట్‌ఫారంమీద ప్రయాణికులు విసిరిపోయిన కబుర్లు. కారణాన్ని కోసి పారేసి ఫలితాన్ని మాత్రం పళ్ళెంలో పెట్టి అమ్మే పనిని వారు విద్య అనరు. ఆ పళ్ళెం చుట్టూ మూగే జనంపై వారికి అంతకన్నా మంచి అభిప్రాయం లేదు.

మొదటి రీలు ముగిసింది. దీపం వెలిగింది.

"ప్యారిస్ల ఒక ఇనుప గోపురం ఉంది. ఎండకాలం వస్తే జానెడుకు జర తక్కువ పెరుగుతది. చలికాలం మల్ల తగ్గుతది!" అన్నాడు బాలస్వామి.

"మా సావుకారి కోపం లెక్క!" అని నేలమీది నుంచి ఒక నేతగాడు అరిచాడు. బెంచీలవారు తప్ప అందరూ నవ్వారు.

వేడికి లోహం వ్యాకోచిస్తుందని నాలుగవ తరగతి పిల్లలకు కూడా తెలుసు. పంతులుగారు ఆ మాట అనలేదు. ఇటువంటి సభకు కారణాలు చెప్పడం బూడిదలో నేయి పోయడమేనని వారి నమ్మకం.

"ఆస్ట్రేలియా దేశంల ఈముపిట్టలని ఉంటయి. మనిషంత ఎత్తు. పంటలు తింటున్నయని సర్కారు మిలిటరీని పంపింది, మరతుపాకులు ఇచ్చి. పిట్టలే గెలిచినయి. మిలిటరీ వాపస్ పోయింది!"

"మా ఇంటామె సత్తెమ్మను పిలువకపోయిండ్రు!" అన్నాడు గట్టు రైతు. "మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పితే గవ్వి సముద్రంల పడుతుండె."

ఆ నవ్వులలోనే దుప్పటి పక్కకు తొలగించుకొని ఒక ముసలామె ఇవతలికి వచ్చింది. నేతవాడలోని జోగమ్మ. నేతవారిలోంచి లేచి, తల వంచుకొని ఆమె వెనుక నిలబడ్డాడు కొడుకు శాంతయ్య. పిక్కకు పసుపుగుడ్డ కట్టి ఉంది.

"అయ్యా, నేనొకటి అడుగుత," అంది జోగమ్మ. "పోయిన శనివారం నువ్వు చెప్తివి గదా, నీళ్ళు తాగే కుక్కకు పిచ్చి ఉండదు, గది ఫ్రాన్సు పండితుని మాట అని. సోమవారం మావోడు మగ్గం గుంతల కాలు పెడితే, సల్లగుందని అండ్ల పండిన కుక్క కరిచింది. దవాఖానకు తోల్కపోదమనుకున్న. గంతల ఆ కుక్కనే పోయి పడుగుకు పెట్టే గంజి గటగట తాగింది. నీ మాట యాదికొచ్చి ఊకున్న. ఇయ్యాల పొద్దుగాల కుక్క సచ్చింది. మావోనికేం కాదు గదా? చెప్పు."



పంతులుగారు వీపు నిటారుగా చేసి కూర్చున్నారు. పోయిన శనివారం ఆ మాట విన్నప్పుడే అది అబద్ధమని వారికి తెలుసు; పెదవి విరిచి ఊరుకున్నారు. ఇప్పుడు వీడు మరొక ఫ్రెంచి పండితుణ్ణి పుట్టిస్తాడు, జనం చప్పట్లు కొడతారు, ఆ మనిషి చస్తాడు. ఇంతకన్నా ఈ ఊరి నుంచి ఆశించేది లేదు.

శేటు యంత్రం దగ్గరనుంచి వచ్చి బాలస్వామి చెవిలో అన్నాడు. "భయం లేదని చెప్పురా. రీలు ఎక్కింది."

బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. ఒకసారి శేటును, ఒకసారి శాంతయ్య పిక్కను చూశాడు.

"అవ్వా, నాకు తెల్వదు," అన్నాడు.

"తెల్వదా? పండితుడు చెప్పిండంటివి?"

"ఏ పండితుడు చెప్పలే. ఆ దినం రీలు తెగింది, అతికేదాక చెప్పనీకి ఏం దొరకలే. నోటికొచ్చింది చెప్పిన." బాలస్వామి పీట దిగాడు. "పాలమూరు దవాఖానల సూదులిస్తరంట. రైలుకు ఇంక టైమున్నది. నేను గూడ వస్త, లేవండి."

ముందు ఒకడు నవ్వాడు, తరువాత డేరా అంతా నవ్వింది. ఎవరో వేరుశనగ పొట్టు విసిరారు. "మల్ల నా డేరాల కాలు పెట్టకు!" అని శేటు కేకవేశాడు.

"మగ్గం మీద చీర సగంల ఉంది," అని శాంతయ్య గొణిగాడు.

"చీర యాడికి పోదు, నువ్వే పోతవు! నడువు!" అంది తల్లి.

పంతులుగారు లేచి నిలబడ్డారు. "ఆలస్యం చేయకండి. పిచ్చికుక్క కూడా నీళ్ళు తాగవచ్చును. తాగినంత మాత్రాన దానికి పిచ్చి లేదని చెప్పడానికి వీలులేదు."

గుమ్మం దగ్గర బాలస్వామి ఆగాడు. "మీకు ఎరుకేనా, పంతులుగారూ? పోయిన శనివారం గూడ గీ కుర్చీలనే ఉంటిరి గదా?"

పంతులుగారు కూర్చున్నారు. దీపం ఆరింది, రెండవ రీలులో ఏమి జరిగిందో వారికి తెలియదు.

శాంతయ్య సూదులన్నీ వేయించుకొని తిరిగి వచ్చాడు. చీర పూర్తిచేశాడు. డేరా వనపర్తికి తరలిపోయే ముందు చివరి శనివారం, పీటమీద బాలస్వామికి బదులు ఒక గ్రామఫోను ఉంది. బాలస్వామి శాంతయ్య పక్కన నేలమీద కూర్చున్నాడు. అతణ్ణి లోపలికి రానిచ్చినది శేటు దయ కాదు, జోగమ్మ నోరు.

రీలు మారే వేళ పంతులుగారు లేచి గ్రామఫోను ఆపించారు. వకీలుగారు విసుక్కున్నా లక్ష్యపెట్టలేదు.

"బాలస్వామి చెప్పిన వింతలలో విద్య లేదు. విన్నవారిలో వివేకం లేదు. ఈ రెండు విషయాలలో నా అభిప్రాయం మారలేదు," అన్నారు. "అయినను, తెలిసినవారు మౌనంగా కూర్చున్న ఈ సభలో, తనకు తెలియదని నలుగురి ఎదుట చెప్పి, చెప్పినది అబద్ధమని ఒప్పుకొని, ఆ మాటతో తన జీవనోపాధిని పోగొట్టుకొని, జోగమ్మ కుమారుడు శాంతయ్యను సకాలంలో వైద్యానికి చేర్చినవాడు బాలస్వామి. అతడు చేసిన ఈ కార్యాన్ని రాఘవేంద్రరావు అను నేను, మీ అందరి సమక్షంలో, నిలబడి, గౌరవపూర్వకంగా గుర్తిస్తున్నాను."