పలక వెనక కాలు

మా కోడలు బేస్‌బాల్ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తానన్నప్పుడు నేను వద్దనలేదు. మంచిదనీ అనలేదు. నా భార్య పోయాక మా ఇంట్లో ఎవరికీ మంచిదని చెప్పే అలవాటు లేదు.

రూల్సు పుస్తకం పక్కన పెట్టుకుని పిండి కలిపేది. ఓ సాయంత్రం నన్ను పెరట్లో నిలబెట్టి, బంతి విసిరే పిచ్చర్ కాలు ఆనించే పలక బదులు నా కాలికింద చెక్కముక్క వేసింది.

"మావయ్యా, చెక్క మీద కాలుంచి బంతి విసిరితే అది పిచ్. బ్యాటర్ కొట్టొచ్చు. బంతి పట్టుకున్న చేతులు విడదీయకుండా మొదట చెక్క మీది కాలు వెనక్కి దించి, ఆ తర్వాత విసిరితే అది పిచ్ కాదు, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కి వేసే త్రో. దాన్ని బ్యాటర్ కొడితే అడ్డుపడ్డట్టే, తప్పు."

"విసరబోయి ఆగిపోతే?"

"అది బాక్. బేసుల మీదున్నవాళ్లు తలా ఒక బేసు ముందుకెళ్తారు."

నా మోకాలు పట్టేసింది. ఆమె పట్టించుకోలేదు. ఇంకోసారి దించమంది.

ఆదివారం మా వడ్రంగి షెడ్డుకీ బేకరీ వాళ్లకీ మ్యాచ్. రావాల్సిన అంపైర్ రాలేదు. మా జట్టుకి మేనేజర్ని నేను, బ్యాటర్లలో ఒకడు మా అబ్బాయి. అయినా ఈమె నిలబడితే అభ్యంతరం లేదన్నారు బేకరీవాళ్లు. మొగుడి మీద కోపం తీర్చుకుంటుందిలే అని నవ్వుకున్నారు కూడా. లీగ్ సెక్రటరీ మాత్రం నవ్వలేదు.

"చూడమ్మా, ఏ మేనేజరైనా నీ మీద ఫిర్యాదు చేశాడంటే ఇక నిన్ను పిలవం."

"సరేనండీ," అని ముసుగు తగిలించుకుని, పెద్ద అంపైర్ నిలబడే చోటికి, బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేటు వెనక్కి వెళ్లింది.

ఆఖరి ఇన్నింగ్స్. మావాళ్లు ఇద్దరు అవుట్, మూడోవాడు అవుటైతే ఆట ముగిసినట్టే. ఒక్క పరుగు వెనకబడ్డాం. రెండో బేసు మీద ఒకడు, మూడో బేసు మీద ఒకడు. బ్యాటు మా అబ్బాయి చేతిలో.

మూడో బేసు వాడు ఉన్నట్టుండి హోమ్ ప్లేటు వైపు పరుగందుకున్నాడు; దాన్ని తాకితే ఒక పరుగు, స్కోరు సమం. పిచ్చర్ చూశాడు. పలక మీంచి కాలు వెనక్కి దించి, క్యాచర్‌కి బంతి విసిరాడు. మా అబ్బాయికి బంతి కనబడితే ఇంకేదీ కనబడదు. బలంగా కొట్టాడు. బంతి ఫీల్డర్ల తలల మీదుగా పోయింది. మావాళ్లిద్దరూ హోమ్‌కి వచ్చేశారు. షెడ్డు వాళ్లంతా మైదానంలోకి దూకారు.

కోడలు రెండు చేతులూ ఎత్తింది. "ఆగండి. పరుగులు లెక్కలోకి రావు. త్రోకి అడ్డుపడ్డాడు. బ్యాటర్ అవుట్."

అంటే మ్యాచ్ పోయింది.

"బుద్ధుండే మాట్లాడుతున్నావా?" మా అబ్బాయి బ్యాటు కింద పడేశాడు.

"ఇంకో మాట అంటే మైదానం బయటికి పంపిస్తాను."

"ఇంటికి రావా నువ్వు?"

"వస్తాను. అక్కడ అడుగు."

జనం బాక్, బాక్ అని అరుస్తున్నారు. బేసుల దగ్గరి అంపైర్ బస్సు డ్రైవరు. అతన్ని అడిగితే, తాను పరిగెత్తేవాణ్ణి చూస్తున్నానన్నాడు. పిరికి సన్నాసి. అంటే పిచ్చర్ కాలు చూసింది ఈమె ఒక్కతే. నేను వెళ్లాను.

"అంపైర్ గారూ, విసరబోయి ఆగాడంటున్నారు మావాళ్లు."

"లేదు మేనేజర్ గారూ. కాలు దిగేదాకా చేతులు కలిసే ఉన్నాయి. ఆ తర్వాతే విడిపోయాయి."

మావయ్యా అనలేదు. చుట్టూ అంతమంది ఊగిపోతుంటే, పెరట్లో నాకు చెప్పినంత నిదానంగా చెప్పింది. అంత గట్టి మనిషిని ఈమధ్య కాలంలో నేను చూడలేదు.

సెక్రటరీ వచ్చాడు. "ఫిర్యాదు చేస్తారా?"

షెడ్డు మొత్తం నా మొహంలోకి చూసింది.

"చెయ్యను. సరిగ్గా చెప్పింది."

"నాన్నా, నువ్వు ఎవరి జట్టు?" అన్నాడు మావాడు.

"నీ జట్టే. అందుకే సిగ్గేస్తోంది. పరిగెత్తుకొచ్చేవాణ్ణి చూసుకోవద్దూ?"

వాడు బ్యాటు తీసుకుని వెళ్లిపోయాడు. ఇక వారం పాటు నాతో మాట్లాడడు. నాకేం నష్టం లేదు.

సెక్రటరీ కోడలి వైపు తిరిగాడు. "వచ్చే ఆదివారం కూడా రామ్మా. బేసుల దగ్గర నిలబడుదువు గాని."

ఆమె ముసుగు తీసి చెమట తుడుచుకుంది.

"హోమ్ ప్లేటు దగ్గరైతే వస్తానండీ."

ఆయన స్థానంలో నేనైతే అక్కడికక్కడే తలూపేసేవాణ్ణి. సెక్రటరీ కాసేపు గడ్డం గోక్కుని, సరేనన్నాడు.