వార్డు బయట సంఘం

మోకాలి ఆపరేషనుకని భర్తను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశాక, పెద్దక్క వార్డు పక్కనున్న గదిలోకి వచ్చి కూర్చుంది. రోగుల తాలూకు మనుషులు ఉండే గది అది. గోడవారగా చుట్టిపెట్టిన చాపలు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్ళు, మూల స్టవ్వు మీద కాగుతున్న నీళ్ళు. జుట్టు ముడేసుకున్న ఒకమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఇక్కడ తలా ఓ పని చేసుకుంటామమ్మా. రేపు పొద్దున్న గది ఊడ్చే వంతు మీది. నడుం నొప్పి అదీ ఉంటే చెప్పండి, వేరే పని ఇస్తాం."

"ఊడుస్తాలే. నువ్విక్కడ ఉద్యోగం చేస్తున్నావా?"

"అబ్బే, మా తమ్ముడు లోపలున్నాడు. ఈ వారం నేను అధ్యక్షురాలిని" అంది ఆ అమ్మాయి, నీళ్ళు కాచానన్నంత మామూలుగా.

పెద్దక్క సంచీలో కళ్ళద్దాలు వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

ఆ గది ఇన్నేళ్ళ తర్వాత ఇంకా ఉంటుందని ఆమె అనుకోలేదు.

సగం జీవితం నర్సుగా పనిచేసి, పిల్లలు చేతికందివచ్చాక, స్వచ్ఛంద సంస్థల నిర్వహణలో పీజీ చదువుతానని ఆమె ఇంట్లో చెప్పిన రోజు అందరూ నవ్వారు. గడియారాలు బాగుచేసే భర్త కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "సేవ చెయ్యడానికి కూడా డిగ్రీ కావాలా? అయితే ఇన్నాళ్ళూ నాకు చేసిందంతా అర్హత లేకుండానే చేశావన్నమాట" అన్నాడు. అని, మర్నాడు తనే ఫీజు కట్టి వచ్చాడు.

కామర్స్ విభాగం వెనక మేడ మీద ఒక్క గది వాళ్ళది. వానొస్తే బెంచీలు ఓ పక్కకి జరుపుకోవాలి. ఫ్యాను పురిటినొప్పులు పడుతున్నట్టు మూలిగేది. క్లాసులో అందరూ ఆమె పిల్లల ఈడువాళ్ళే. మొదటిరోజు ఆమె లోపలికి రాగానే టీచరనుకుని లేచి నిలబడ్డారు. సాయంత్రానికి పెద్దక్క అయిపోయింది. సంఘాలు ఎలా పుడతాయి, ఎందుకు చీలిపోతాయి, నాయకుణ్ణి నిలదీసే హక్కు ఎవరిది అంటూ మేడమ్ చెప్పే పాఠాలు ఆమెకి ముందు కొరుకుడు పడలేదు. క్లాసయ్యాక మెట్ల మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పిల్లలు అవే విషయాల మీద కొట్టుకుంటుంటే, వింటూ వింటూ నేర్చుకుంది. ఆ కొట్లాటల్లో ముందుండేవాడు లాయరు. న్యాయశాస్త్రం ముఖం చూడలేదు గానీ ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు, అందుకని ఆ పేరు.

రెండో ఏడు మేడమ్ ఇద్దరిద్దరికి ఒక పని అప్పగించింది. "ఎక్కడైనా సరే, జనం తమకోసం తాము ఒక సంఘం పెట్టుకోవాలి. దాన్ని మీరు నడపకూడదు. ఏ పదవీ తీసుకోకూడదు. మీరు వచ్చేశాక అది నిలబడాలి."

లాయరు పెద్దక్క వాటాకి వచ్చాడు. ఆమె తను పనిచేసిన ఆసుపత్రి వరండా ఎంచుకుంది. "మంచం మీదున్నవాళ్ళని చూడ్డానికి నర్సులున్నారు. మంచం పక్కనున్నవాళ్ళని ఎవరు చూస్తారురా?" అంది. లోపలినుంచి పేరు పిలుస్తారేమోనన్న భయంతో వాళ్ళు స్నానానికి పోరు, కన్ను మూయరు. అది ఆమె రోజూ చూసిందే.

"సంఘమంటే సభ్యులుండాలి పెద్దక్కా! మీ సభ్యులు వారం తిరిగేసరికి ఇళ్ళకి వెళ్ళిపోతారు. నీళ్ళ మీద రాత ఇది" అన్నాడు లాయరు. అంటూనే వెంట నడిచాడు.

విరిగిన మంచాలు పడేసిన గది ఒకటి పెద్ద డాక్టరు చుట్టూ తిరిగి తిరిగి సంపాదించారు. లాయరు నియమావళి రాశాడు, అది అతనికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. జనం మాత్రం, "చదువుకున్నవాళ్ళు, మీరే చూసుకోండి" అని చేతులు జోడించేవారు. చివరికి తండ్రిని చేర్పించిన ఒక లారీ డ్రైవరు అధ్యక్షుడయ్యాడు. "నాకు స్టీరింగు తప్ప ఏదీ తిప్పడం రాదు" అని సిగ్గుపడ్డాడు. అయినా మర్నాటికల్లా వార్డు తలుపు దగ్గర ఒక్క మనిషిని వంతులవారీగా నిలబెట్టాడు. ఎవరి పేరు పిలిచినా ఆ మనిషి పరుగున వచ్చి చెప్పాలి. మిగతావాళ్ళు చాపలు పరుచుకుని పడుకున్నారు. వాళ్ళు అంత ఒళ్ళు తెలియని నిద్ర పోవడం పెద్దక్క మొదటిసారి చూసింది.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి, డ్రైవరు తండ్రి తెల్లవారుజామున పోయాడని తెలిసింది. గేటు దగ్గర బండి సిద్ధంగా ఉంది, చుట్టాలు ఏడుస్తున్నారు. "ఇక గదికి తాళం పడ్డట్టే" అని లాయరు గొణిగాడు. అంతలో డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం వచ్చి, ఎవరితోనూ పలకకుండా మూల కూర్చున్న ఒకామెను లేపి స్టవ్వు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈ మీట గట్టిగా తిప్పకమ్మా, ఊడి చేతికొస్తుంది. ఆ చివరి చాప మీద పిల్లకి రెండ్రోజులుగా నిద్రలేదు, లేపకు. వాళ్ళ తాత పేరు పిలిస్తే నువ్వే వెళ్ళు."

పెద్దక్క ఉండబట్టలేక, "నాయనా, ఇప్పుడా ఇదంతా? నువ్వు వెళ్ళు, మేం చూసుకుంటాంగా" అంది.

"మీరు చూసుకోకూడదన్నారు కదమ్మా" అన్నాడతను, ఆమెకే గుర్తుచేస్తున్నట్టు. మూల కూర్చున్నామె అతని చేతిలోంచి గది తాళంచెవి అందుకుని కొంగున ముడేసుకుంది. అతను వెళ్ళి బండెక్కాడు.

తర్వాత మౌఖిక పరీక్షలో, బయటినుంచి వచ్చిన పెద్దాయన, "శాశ్వత సభ్యుడు ఒక్కడూ లేనిది సంఘమెలా అవుతుంది?" అని అడిగితే, పెద్దక్క గొంతు సవరించుకునేలోపే లాయరు లేచాడు. తను నెలల తరబడి వాదించినదాన్నంతా తనే తుత్తునియలు చేశాడు. మేడమ్ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళదయింది. లాయరు వరద బాధితుల సంస్థలో చేరి ఊళ్ళు పట్టుకు తిరిగాడు. మేడమ్ పోయింది. చేరేవాళ్ళు లేక కోర్సూ ఎత్తేశారు. పెద్దక్క కదలలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసే సంస్థలో ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ పనిచేసింది. ఇటువైపు రావడం పడలేదు. గది ఎప్పుడో మూతపడి ఉంటుందనుకుని, అడగడానికి కూడా జంకింది.

ఇంతలో వార్డు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వచ్చి ఆమె భర్త పేరు పిలిచాడు. ఆపరేషను బాగా జరిగింది. మత్తు దిగుతున్న భర్త, "ఎక్కడ కూర్చున్నావు ఇంతసేపూ?" అన్నాడు.

"మేం పెట్టించిన గదిలోనే. రేపు ఊడ్చే వంతు నాది."

"నువ్వెవరో చెప్పలేదా వాళ్ళకి?"

"చెబితే కుర్చీ వేసి కూర్చోబెడతారు, చీపురు ఇవ్వరు."

పొద్దున్న చాపలన్నీ ఎత్తి, మూలమూలలా ఊడ్చి, కిటికీ దగ్గర నిలబడి లాయరుకి ఫోన్ చేసింది. గది ఇంకా నడుస్తోందని చెప్పింది.

"ఆదివారం వస్తానక్కా. బావగారిని చూసినట్టూ ఉంటుంది" అన్నాడతను.

"రా. వస్తే మాత్రం ఊరికే కూర్చోనివ్వరు ఇక్కడ" అంది పెద్దక్క.