హాల్లో చదివిన ప్రశ్నలు

"మీ ఇంట్లో ఎవరూ లేరామ్మా? బటన్లు వాళ్లు నొక్కిపెడతారుగా!" అన్నాడు వెబ్‌సైట్ తయారుచేసిన ఇంజనీరు.

ఆమెకు చూపు లేదు. ఆసుపత్రి వెబ్‌సైట్ తనలాంటివాళ్లకు పనికొస్తుందో లేదో పరీక్షించి చెప్పడమే ఆమె ఉద్యోగం. తెరమీద ఏముందో ఫోన్ చదివి వినిపించాలి. ఆ సైట్లో మాత్రం ఎక్కడ తాకినా "బటన్, బటన్" అని ఒకటే పాట. ఏది దేనికో ఆ దేవుడికే తెలియాలి!

"ఉన్నారండీ. అదే నా బాధ" అంది. పక్క సీట్లవాళ్లు జోకనుకుని నవ్వారు.

జోకా! ఆ మధ్య పొత్తికడుపులో నొప్పొచ్చి డాక్టరు అపాయింట్‌మెంట్ కావాల్సివచ్చింది. భర్త మంచివాడే, కాదనడు. సోఫాలో కాళ్లు చాపుకుని, సైట్ అడిగిన ప్రశ్నలన్నీ హాలంతా మార్మోగేలా చదివాడు. "ఏం ఇబ్బంది? ఎన్నాళ్లుగా? పోయినసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు వంటింట్లోంచి తేదీ చెప్పేసింది. మరిది టీవీ సౌండు తగ్గించాడు. సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి, తడిమి చూసి ఎవరివి వాళ్లకు మడతపెట్టేది తనే. అప్పుడు తనకు చూపు లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తురాదు. తన ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం "నీకెందుకే ఆ తంటా, మేం లేమూ?" అంటారు. ఆ నొప్పి మళ్లీ మొదలై చాలా రోజులైంది. ఎవరికీ చెప్పకుండా పళ్ల బిగువున ఓర్చుకుంటోంది.

"సైట్ బాగానే ఉందని రాసెయ్యమ్మా, తర్వాత చూద్దాం" అని ఇంజనీరు బతిమాలాడు. ససేమిరా అంది. చేసేదిలేక, విసుక్కుంటూనే ప్రతి బటన్‌కీ పేరు పెట్టుకొచ్చాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసు భోజనాల గదిలో ఓ మూల కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. "స్త్రీల వైద్యం" అంది ఫోన్. "తేదీ ఎంచుకోండి" అంది. అవే ప్రశ్నలు, ఆమె చెవిలోనే. అత్తగారికి కూడా తెలియని జవాబులు ఒక్కొక్కటే కొట్టింది. అమ్మయ్య, ఎంత హాయి! చివర్లో ఫోన్ నంబరు దగ్గర ఎప్పటిలా భర్త నంబరే ఉంది. దాన్ని చెరిపేసి తన నంబరు పెట్టింది.

రాత్రి వడ్డిస్తుంటే ఆమె ఫోన్ టింగుమంది. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వింది.

"ఏంటే మెసేజ్? ఇలా తే, చదువుతా" అన్నాడు భర్త.

"చదువుకున్నా. రేపు డాక్టరు దగ్గరికెళ్తున్నా."

"డాక్టరేంటి? ఏమైందే?" వంటింట్లోంచి అత్తగారు.

"డాక్టరుకి చెప్తాలెండి అత్తయ్యా" అంది, కూర తన కంచంలోనూ వడ్డించుకుంటూ.