నోరూరించిన అత్తగారు

మెడలో తాడుకు ఎప్పుడూ కత్తెర వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆవిడకు కత్తెరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కోడలితో కలిసి దర్జీ దుకాణం నడుపుతోంది. కత్తిరింపు అత్తది, కుట్టు కోడలిది. కొడుకు బస్సు డ్రైవరు. ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ ఉంటాడు. కాజాలు కుట్టే దగ్గర్నుంచి కిటికీ తలుపు వేసేదాకా అత్తాకోడళ్ళు అన్నింటికీ వాదులాడుకుంటారు. మూడో మనిషి మధ్యలో మాట కలిపితే మాత్రం ఇద్దరూ ఒక్కటై ఆ మనిషి మీద పడతారు.

కోడలికి మెడలో థైరాయిడ్ గడ్డ తీసేశారు. ఆ తర్వాత ఆస్పత్రిలో రేడియో అయోడిన్ మందు మింగించి, ఒంట్లోంచి దాని రేడియేషన్ పోయేదాకా కొన్నాళ్ళు ఎవరికీ దగ్గరగా మసలొద్దన్నారు. ఇంటికొచ్చి వెనకగదిలో ఉన్న ఆ పిల్లను కత్తెరమ్మ వసారా అవతలి చివర నిలబడి పలకరించేది.

"ఏమే, బతికున్నావా?"

"ఉన్నానత్తయ్యా. మీరు అరవకపోతే ఇంకా బాగుంటాను."

గడువు తీరి కోడలు మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. అన్నీ సర్దుకున్నాయనుకుంటుండగా తిండి తగ్గించేసింది. పెట్టిందాంట్లో సగం వదిలేస్తుంది. అడిగితే ఆకలి లేదంటుంది. తన వంట మీద విసుగు పుట్టిందేమోనని కత్తెరమ్మ మనసు చివుక్కుమంది. రెండు రోజులు ముభావంగా ఉండి చూసింది. కోడలు దాన్ని కూడా గమనించలేదు.

ఒక మధ్యాహ్నం నీళ్ళచెంబుతో లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని, దవడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటోంది. చెవి కింద చెంప పొంగి ఉంది.

"ఇదేమిటే! గవదబిళ్ళలా?"

"కాదత్తయ్యా. చాన్నాళ్ళ నుంచే ఇలా ఉంది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుంటుంది. నోట్లో తడే ఉండదు. నమిలితే చెంప ఉబ్బి సలుపుతుంది." గొంతు తగ్గించింది. "గడ్డ మళ్ళీ వచ్చిందేమో. చెప్తే నిజమైపోతుందని చెప్పలేదు."

కత్తెరమ్మ నీళ్ళచెంబు కింద పెట్టి, కంచం పక్కకు జరిపింది. "పిచ్చిమొహమా, చెప్పులేసుకో," అంది.

డాక్టరమ్మ చెంపలూ మెడా తడిమి, స్కానింగ్ తీయించి చూసింది.

"గడ్డ తిరగబెట్టలేదు. ఆస్పత్రిలో మింగిన అయోడిన్ మందును లాలాజల గ్రంథులు కూడా కాస్త పీల్చుకుంటాయి. లాలాజలం వచ్చే గొట్టాలు సన్నబడితే, తినేటప్పుడు ఊరింది బయటికి రాలేక చెంప ఉబ్బుతుంది. నీళ్ళు బాగా తాగాలి. పుల్లటి బిళ్ళలు చప్పరించాలి. చెవి ముందు నుంచి నోటివైపు మెల్లగా నిమరాలి. చాలామందికి నిదానంగా తగ్గుతుంది. జ్వరమొచ్చినా, వాపు దిగకపోయినా వెంటనే రండి."

"నిమరడం ఎవరైనా చెయ్యొచ్చా?" అంది కత్తెరమ్మ.

"చెయ్యొచ్చు."

"అయితే నేనే చేస్తా."

ఆ రోజు నుంచి భోజనానికి ముందు కోడలి చెంపలు అత్త చేతుల్లోకి వచ్చాయి. కత్తెర పట్టి కాయలు కాసిన బొటనవేళ్ళాయె, మొదట్లో మోటుగా తగిలేవి.

"అత్తయ్యా, అది చెంప! ఇస్త్రీ బట్ట కాదు."

"నోర్ముయ్. కాదు కాదు, నోరు వదులుగా పెట్టు."

బిళ్ళ చప్పరించినా చుక్క ఊరని రోజులుండేవి. అలాంటి ఒక రోజు కత్తెరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని, నిమ్మచెక్క తన నోట్లోనే పిండుకుంది. కన్ను మూసుకుపోయింది, ముక్కు ముడుచుకుంది, ఒళ్ళంతా జలదరించింది. కోడలు పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, నాలుక కదిలించి చూసుకుంది.

"అత్తయ్యా, ఊరుతోంది!"

జుబ్బా కొలతలకని వచ్చి నిలబడ్డ లెక్కల మాస్టారు కూడా గుటక వేశాడు. "మీకెవరు చూడమన్నారు?" అని ఇద్దరూ ఆయన మీద పడ్డారు.

నెలలు గడిచేసరికి చెంప ఉబ్బడం తగ్గింది. రుచి కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. నోటి తడి మాత్రం పూర్తిగా రాలేదు. మిషన్ పక్కన నీళ్ళసీసా ఉండాల్సిందే. అది ఇక అలాగే ఉండిపోవచ్చని డాక్టరమ్మ చెప్పేసింది. కోడలు ఒకపూట దిగులుపడి, మర్నాడు సీసాకు మిగిలిన గుడ్డలతో పూలతొడుగు కుట్టుకుంది.

మొన్న భోజనాల వేళ కత్తెరమ్మ బట్ట కత్తిరిస్తుంటే కోడలు వచ్చి పక్కన చతికిలబడి చెంప ఆనించింది.

"ఇవాళ వాపు లేదుగా?"

"లేదు. అయినా నిమరండి."

కత్తెరమ్మ కత్తెర పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.