మొదటి ముద్ద

కాదు బిడ్డా, విషం దగ్గర మొదలుపెట్టకు. కూర దగ్గర మొదలుపెట్టు. ఈ తాత నిదానంగా చెప్తాడు, నువ్వూ నిదానంగా రాయి.

మీ అమ్మ హేమలత రాసిన కథ పత్రికలో పడింది. అందులో ఒకామె మొగుడి కూరలో, మిరపతోటకు కొట్టే పురుగుమందు కలుపుతుంది. పొదుపు సంఘం మీటింగులో ఆడవాళ్లు అడిగితే మీ అమ్మ ఆ కథ చదివి వినిపించింది. తెల్లారేసరికి తండా అంతా పాకింది. మగవాళ్ల చెవిన పడింది మాత్రం చివరి ముక్క ఒక్కటే.

ఇక అప్పటినుంచి మన తండాలో పెళ్లాం తినకుండా ఏ మొగుడూ ముద్ద ముట్టలేదు. "ముందు నువ్వు తిను, సూస్త" అని కంచం ముందు కాపలా కూర్చున్నారు. కోడికూర వండినరోజు ఎప్పుడూ మెడ ముక్క, అడుగు పులుసు మిగిలే ఆడవాళ్లకు కాలు ముక్క దొరికింది, అదీ వేడివేడిగా. పక్కింటి భీమక్క మన వాకిట్లో నిలబడి, "హేమా, ఇంకో కథ రాయరాదే. ఈసారి మటన్ల కలుపు" అని పోయింది.

మీ నాయిన రాజేష్‌కు నవ్వు రాలేదు. ఖమ్మం మిర్చి యార్డులో తోటి హమాలీలు, "ఏంది రాజేషు, టిఫిన్ డబ్బా ముందుగాల కుక్కకు పెట్టి సూసినవా?" అని ఆటపట్టించారట. ఇంటికొచ్చి మీ అమ్మ మీద పడ్డాడు. "సిన్మాకు సెన్సార్ ఉంటది, కథకెందుకు ఉండొద్దు? గిసొంటివి రాయకుండ చట్టం రావాలె. రేపు ఎవతన్న నిజంగ కలిపితే జైలుకు నువ్వు పోతవా?" అన్నాడు. ఠాణాలో అర్జీ ఇద్దామని నలుగుర్ని కూడగట్టాడు. మీ అమ్మ అందరి ముందూ తప్పయిందని, ఇక రాయనని చెప్పేదాకా ఇంటికి రానని ఖమ్మంలోనే కిరాయి గదిలో ఉండిపోయాడు. అర్జీ మీద నా వేలిముద్ర కోసం తనతో పనిచేసే గోపాలును పంపించాడు.

వేసే ముందు ఒక మాట అడుగుదామనుకున్నాను. కళ్లంలో మిరపకాయల తొడిమలు తీస్తున్న మీ అమ్మ పక్కన కూర్చుని, "వాడనేది నిజమే గద బిడ్డా, చెడ్డపని రాస్తే చెడ్డబుద్ధి పుట్టదా?" అన్నాను.

మీ అమ్మ చేతులు మంటకు ఎర్రబడ్డా కాయ తర్వాత కాయ తీస్తూనే ఉంది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టి, ఇంటికొచ్చి మళ్లీ వండి, అందరూ లేచాక గిన్నె గీక్కుని తింటుంటే, కథలోని ఆ ఆడమనిషి వచ్చి పక్కన కూర్చునేదట. కథలో ఆమెను పుట్టింటికి పంపి చూసిందట, పంచాయితీకి పిలిపించి చూసిందట. ఎట్లా రాసినా ఆమె మళ్లీ ఆ మొగుడింటికే వచ్చి పడేదట. "రాసుడు తర్వాత, కూరల ఉప్పేది?" అని మీ నాయిన ఎప్పుడో అన్న మాట మధ్యమధ్యలో వినబడేదట.

"చట్టం పెడితే పెట్టనీ మామా" అంది. "కథల నేరం ఉండొద్దంటె మొత్తం తియ్యాలె. ఆమె మందు కలిపింది ఒక్క లైనే. ఆయన ఆమెను కొట్టింది, చెయ్యి ఇరగ్గొట్టింది, పేజీలకు పేజీలు ఉంది. అది గూడ నేరమే గద. అది సదివి మగోళ్లు నేర్సుకుంటరని ఒక్కలన్న భయపడ్డరా?"

నేను వేలిముద్ర వేయలేదు. గోపాలును ఉత్త చేతులతో పంపించాను.

అయినా వాళ్లు అర్జీ ఇచ్చేశారు, రేపు ఠాణాకు రమ్మన్నారు. మీ అమ్మ పోతుంది. తప్పని మాత్రం చెప్పదట, కథలో ఒక్క అక్షరం మార్చదట. మీ నాయిన రాకపోయినా సరేనంది. ఆ మాట అని, ఇంకో బుట్ట కాయలు ముందుకు లాక్కుంది.

ఇంతే బిడ్డా. మీ నాయినకు ఫోన్ చేసి ఈ రాసింది చదివి వినిపించు. అంతకంటే ముందు, మీ అమ్మ కథలో మొగుడు ఆమెను కొట్టిన ఆ పేజీలు చదువు. వాడింకా అవి వినలేదు.