పుల్లటి వైను, గోంగూర మటన్

మర్నాటి విందులో వడ్డించబోయే వైన్లను, వాటి పక్కన పెట్టే వంటకాలను హోటల్ మేనేజరు ప్రేమ్‌చంద్ రుచి చూస్తున్నాడు. గ్లాసులు అందిస్తున్నది అమూల్య. రైల్వే వ్యాగన్లు బాగుచేసేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండే తెలుగు ఫిట్టరు చిన్నారావు కూతురు. నాసిక్ వెళ్లి వైన్ల గురించి రెండు నెలలు నేర్చుకుని వచ్చింది గానీ, ఇన్నాళ్లూ ఆమె మాట అడిగినవాళ్లు లేరు.

తియ్యటి సాసు పూసిన పనీర్ తిని, తెల్ల వైను ఒక గుక్క తాగగానే ప్రేమ్‌చంద్ మొహం ముడుచుకుంది.

"ఛీ, నిమ్మరసంలా ఉంది. తీసేయండి దీన్ని."

"వద్దు సర్," అంది అమూల్య. "తప్పు వైనుది కాదు, సాసులో తీపిది. తీపి తిన్న నోటికి వైను ఇంకా పుల్లగా తగులుతుంది. ఒక్క నిమిషం."

లోపలికి వెళ్లి తన టిఫిన్ డబ్బా తెచ్చింది. తల్లి రమణమ్మ పొద్దున్నే వండి పెట్టిన గోంగూర మటన్ అది.

"అరే, మన అమారీ భాజీ!" అంటూ గోంగూరను తన భాషలో పిలిచి ప్రేమ్‌చంద్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. గోంగూర పులుపు నాలుక మీద ఉండగానే గ్లాసెత్తాడు. ఆగాడు. మళ్లీ తాగాడు.

"వేరే సీసా తెచ్చావా?"

"అదే సీసా సర్. కూర పులుపు ముందు వైను పులుపు తగ్గిపోయింది. లోపలున్న పండు రుచి బయటపడింది."

వంటశాల పెద్ద గిరిధర్‌కు ఇది నచ్చలేదు. "అయితే నా మిర్చి చికెన్‌కీ వంక పెడతావా?"

"చికెన్ అద్భుతం సర్. రెడ్ వైను పక్కన మాత్రం వద్దు. కారం మీద అది చేదెక్కి నోరు మండిస్తుంది. మీరే చూడండి."

గిరిధర్ చూశాడు. దగ్గాడు. చికెన్ బదులు వెన్నలో వేయించిన మటన్ చాప్స్ పెడతానన్నాడు. తెల్ల వైను పక్కన పనీర్ తీసేసి గోంగూర మటన్ పెట్టమన్నాడు ప్రేమ్‌చంద్.

అమూల్య ఇంటికెళ్లి సంగతి చెబితే రమణమ్మ నోరెళ్లబెట్టింది.

"ఏటే, తాగేవోళ్ల విందుకి నా గోంగూరా? పాగల్ అయిపోనావా?"

"నలభై మందికి నువ్వే వండాలమ్మా. నీ చెయ్యే కావాలి."

"నువ్వూ తాగుతావేటి?"

"నోట్లో తిప్పి ఉమ్మేస్తాను. రుచి చూడటమే నా పని."

"ఉమ్మేసే పనికి మళ్లీ ట్రైనింగా!" అని రమణమ్మ ఫక్కున నవ్వింది. మర్నాడు పొద్దున్నే గోంగూర కట్టలతో హోటల్ వంటశాలలో దిగింది.

విందులో ఒక పెద్దాయన తెల్ల వైను తాగి గ్లాసు పక్కకు నెట్టేశాడు. అమూల్య దగ్గరికెళ్లింది. "ముందు కూర తినండి, తర్వాత తాగండి. అప్పటికీ నచ్చకపోతే నేనే తీసేస్తాను," అంది. ఆయన తిన్నాడు, తాగాడు, గ్లాసు తన వైపు లాక్కున్నాడు. పక్క బల్లలవాళ్లు కూడా అలాగే చేసి చూశారు. కూర గిన్నెలు రెండోసారి నింపాల్సి వచ్చింది.

ప్రేమ్‌చంద్ ఆమెను పిలిచాడు. "వచ్చే నెల విందుకు ఏ వైను పక్కన ఏం పెట్టాలో నువ్వే చెప్పు."

"చెప్తాను సర్. కానీ ముందు నేను రుచి చూశాకే మెనూ అచ్చు వేయాలి."

ఆయన సరేనన్నాడు.